రేనాటి దారుల్లో రాతి సాక్షులు

గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి అనే చిన్న ఊరుంది. ఆ ఊరి గుట్టల మీద అశోకుడి శాసనాలు రెండు వేల ఏళ్ళకు పైగా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉన్నాయి. ఎన్నో తరాల పశువుల కాపరులు ఆ బండల పక్కనే నడిచారు. అవి ఎవరి రాతలో చెప్పగలిగే మనిషి మాత్రం రాలేదు. 1920ల చివర అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించాక గానీ చరిత్రకారుల చూపు అటు మళ్ళలేదు. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితో పాటు చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్న తావు దేశంలో చాలా అరుదు. అది మన సీమలో ఉంది.

ఆ పద్నాలుగింటిలో రెండోది దారుల గురించి మాట్లాడుతుంది. దారుల వెంట బావులు తవ్వించామనీ, చెట్లు నాటించామనీ, అవి మనుషులకూ పశువులకూ ఉపయోగపడాలనీ అందులో ఉంది. నీడ లేని నేల మీద, నీటి చుక్క కోసం ఆమడ దూరం నడిచే సీమలో ఆ మాట చెక్కి ఉండటం చూస్తే మనసు కదులుతుంది. చిన్న శాసనంలో ఇంకో సంగతి ఉంది. రజ్జుకులనే అధికారులు భేరి మోగించి జనపదానికి రాజాజ్ఞ వినిపించాలట. అంటే క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలోనే ఇక్కడ దండోరా వేస్తే వినే జనం ఉన్నారన్నమాట. రాతి మీద రాజు మాట్లాడే నాటికే ఊళ్ళున్నాయి, దారులున్నాయి, ఆ దారుల మీద పశువులున్నాయి.

ఆ పశువులు అశోకుడి కంటే ఇంకా చాలా పాతవి. అనంతపురం జిల్లా పాల్వాయి దగ్గరా, పాలమూరు వైపు ఉట్నూరు దగ్గరా బూడిద దిబ్బలున్నాయి. అవి రాక్షసుల్ని కాల్చిన చోట్లని జనం కథలు చెప్పుకునేవారు. కాలిన పేడ అని మొదట పసిగట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1950ల్లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు మందను తోలి పెట్టిన దొడ్డి ఆనవాళ్ళు, పాతిన గుంజల గుంతలు, అప్పటి పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటి నవీన శిలాయుగపు దొడ్డి అది. ఈ సీమలో మొదటి నివాసం చేనుగట్టు మీద మొదలు కాలేదు, పశువుల దొడ్డి దగ్గర మొదలైంది. తర్వాతి చరిత్ర అంతటా ఆ పశువు కనిపిస్తూనే ఉంటుంది. దాని కోసం మనుషులు చచ్చిపోయారు, చచ్చిపోయినవాళ్ళకు రాళ్ళు నాటారు.

రాయలసీమ పల్లెల్లో తిరిగేవాళ్ళకు అలాంటి రాళ్ళు కొత్త కాదు. ఊరి పొలిమేరలో, చెరువుకట్ట మీద, వేపచెట్టు కింద, బస్సు ఆగే చోటుకు నాలుగడుగుల దూరంలో ఒక రాయి నిలబడి ఉంటుంది. కొన్నింటికి పసుపూ కుంకుమా పెట్టి ఉంటారు, కొన్నింటిని పట్టించుకునే దిక్కే ఉండదు. వాటిలో చాలావరకు ఒక ఊరు పుట్టిందనో, నిలిచిందనో, కాపాడుకోవలసి వచ్చిందనో చెప్పడానికి నాటినవే. ఈ సీమలో ఊరు ఒకసారి పుట్టి స్థిరంగా ఉండిపోలేదు. అడవి కొట్టి కట్టుకున్నారు, కరువు వస్తే వదిలి పోయారు, వానలు పడ్డాక మళ్ళీ వచ్చి దీపం పెట్టారు. ఆ రాకపోకలన్నిటికీ మిగిలిన తొలి రాతపూర్వక సాక్ష్యం ఈ దారి పక్క రాళ్ళే.

640 ప్రాంతంలో చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ దక్షిణాదిన తిరుగుతూ చు-లి-యె అనే దేశం గురించి రాశాడు. అది ఇప్పటి కడప వైపున్న రేనాడేనని చరిత్రకారుల్లో పలువురి అభిప్రాయం. ఆయన రాసింది చదివితే భయం వేస్తుంది. నేలంతా పాడుబడి ఉందట, చిత్తడి నేలలూ అడవులూ తప్ప ఏమీ లేవట, జనం బహు తక్కువట, దొంగల గుంపులు పట్టపగలే తిరుగుతాయట.

అదే కాలానికి కాస్త అటూ ఇటూగా అదే రేనాడులో రాజులు శుభ్రంగా తెలుగులో శాసనాలు వేయిస్తున్నారు. కడప జిల్లా యర్రగుంట్ల మండలం కలమళ్ళలో చెన్నకేశవాలయ ప్రాంగణంలో దొరికిన శాసనం 575 ప్రాంతానిదని శాసన పండితులు నిర్ణయించారు. రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతున్న కాలంలో వేసినది అది. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా దాన్నే చెప్పుకుంటున్నాం. దానికంటే ముందు తెలుగు మాటలు ప్రాకృత, సంస్కృత శాసనాల్లో ఊళ్ళ పేర్లుగానో మనుషుల పేర్లుగానో తొంగిచూసేవి. రాజు తన పాలన సంగతి పూర్తిగా తెలుగులోనే చెప్పుకోవడం ఇక్కడ మొదలైంది. ఇవాళ ఆ ఊరి పక్కనే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. ఆ పొగగొట్టాల్ని చూసి దారి గుర్తు పట్టేవాళ్ళలో ఎంతమందికి తొలి తెలుగు శాసనం ఊరు ఇదేనని తెలుసు?

మరి హుయాన్ త్సాంగ్ రాసింది అబద్ధమా? కాదు. రెండూ నిజమే. రేనాటి చోళుల శాసనాలు దొరికిన చోట్లు పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే ఎక్కువభాగం పెన్న, చిత్రావతి, పాపఘ్ని, కుందేరు ఒడ్డుల వెంటే వస్తాయి. ఏటి ఒడ్డున నల్లరేగడి చేలు, నాలుగు గుడిసెలు, ఒక గుడి. అక్కడి నుంచి రెండు కోసులు దాటితే అడవి, గుట్టలు, దొంగలు. యాత్రికుడు దారి వెంట అడవిని చూశాడు, రాజు ఏటి వెంట ఊరిని చూశాడు. శాసనాల్లో రేనాడు ఏడువేలు అని వస్తుంది. ఆ అంకె ఊళ్ళ లెక్కో, రాబడి లెక్కో అన్న వాదన ఇంకా తెగలేదు. ఏదైనా సరే, ఊళ్ళు దూరదూరంగా దీవుల్లా ఉండేవనడంలో సందేహం లేదు.

కమలాపురం దగ్గర ఎర్రగుడిపాడు శాసనం కలమళ్ళ శాసనానికి దాదాపు సమకాలీనం. పాఠకుడు నిదానంగా చదవవలసిన రాయి ఇది. అందులో యుద్ధం లేదు, పొగడ్తల వరస లేదు. రేవశర్మ అనే బ్రాహ్మణుడికి పన్నసగా భూమి ఇచ్చారు. దుజయరాజు, నవప్రియ ముత్తురాజు, వల్లవ దుకరాజు ఆ దానానికి సాక్షులు. దానం చేసినవాడి పేరుంది, పుచ్చుకున్నవాడి పేరుంది, సాక్షుల పేర్లున్నాయి. ఇవాళ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుకు కావలసినవన్నీ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. రాసి పెట్టుకోవలసిన అవసరం వచ్చిందంటే అక్కడ భూమికి విలువ వచ్చిందని అర్థం. ఎవరూ దున్నని అడవి నేలకు సాక్షుల అవసరం ఎందుకు? తర్వాతి కాలపు దానశాసనాల్లో హద్దులు చెప్పే తీరు ఇంకా వివరంగా ఉంటుంది. ఈశాన్యాన చింతచెట్టు, తూర్పున పుట్ట, ఆగ్నేయాన వంక, దక్షిణాన నాటిన రాయి అని చెప్పుకుంటూ పోతారు. ఆ వరస పట్టుకుని నడిస్తే వెయ్యేళ్ళ కిందటి పొలం చుట్టూ తిరిగి వచ్చినట్టే.

ఇదే వంశానికి చెందిన పుణ్యకుమారుడి మాలేపాడు తామ్రశాసనం ఈ రాజులు తమను కరికాల చోళుడి వంశం వాళ్ళమని చెప్పుకున్న సంగతి బయటపెట్టింది. కావేరి వరదకు కట్టలు కట్టించిన కరికాలుడు వాళ్ళకు మూలపురుషుడు. ఎండిన సీమను ఏలే రాజులు తమ గొప్పతనాన్ని ఒక నది కట్ట దగ్గర మొదలుపెట్టుకోవడం గమనించదగ్గ సంగతి. నీరు కట్టగలిగినవాడే రాజు అన్న లెక్క ఈ నేల మీద తర్వాత వెయ్యేళ్ళు నడిచింది.

రాజుల రాళ్ళ కంటే వీరుల రాళ్ళు ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, ఇటు అనంతపురం వైపు పల్లెల్లో అడుగుకొకటి చొప్పున వీరగల్లులు కనిపిస్తాయి. వాటిలో పాతవి సాదాగా ఉంటాయి. ఒక చేత కత్తి, ఒక చేత డాలు, లేదా ఎక్కుపెట్టిన విల్లుతో నిలబడిన మనిషి. ఒంట్లో దిగిన బాణాల్ని కూడా శిల్పి కొన్నిచోట్ల చెక్కాడు. పక్కన చిన్నగా ఆవులు. తర్వాతి కాలంలో రాతిని మూడు అంతస్తులుగా పంచారు. కింద పోరాటం, నడుమ వీరుణ్ణి చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. అన్నిటికీ పైన సూర్యుడు, చంద్రుడు. అవి ఉన్నంత కాలం ఇతని పేరుండాలని.

ఆ ఆవుల బొమ్మలు ఊరికే చెక్కినవి కావు. పొరుగు ఊరి మందను తోలుకుపోవడం ఆ రోజుల్లో యుద్ధానికి మొదటి మెట్టు. పంట పోతే మళ్ళీ పండించుకోవచ్చు, మంద పోతే ఊరు మళ్ళీ లేవదు. పాలు, ఎరువు, దుక్కి, బండి అన్నీ పశువుతోనే. అందుకే మంద వెనక పరుగెత్తి అడ్డం పడి చచ్చిపోయినవాడు ఊరికి దేవుడయ్యాడు. అతని కుటుంబానికి ఊరు భూమి ఇచ్చేది. ఆ భూమిని రక్తమాన్యం అన్నారు. ఒక్కో వీరగల్లు పక్కన ఇప్పటికీ ఒక చెయ్యి మాత్రమే చెక్కిన రాయి ఉంటుంది. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి, నిండుగా గాజులు. భర్తతో పాటు చితిలో కాలిపోయిన స్త్రీకి గుర్తు అది. ఆమె పేరు చాలాచోట్ల రాతి మీద లేదు. వీరుడి చావుకు వివరం రాసినవాళ్ళు ఆమె చావుకు గాజులు చెక్కి వదిలేశారు. ఆ రాయి ముందు నిలబడినవాళ్ళు పూజ చేసినా చేయకపోయినా, అక్కడ ఏం జరిగిందో తెలుసుకునే నిలబడాలి.

తొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతం మీద వైదుంబులు, బాణులు, నొళంబులు, గాంగులు విడవకుండా కొట్టుకున్నారు. వైదుంబ రాజు గండ త్రినేత్రుడు బాణులతో కలిసి సోరెమడి దగ్గర చేసిన యుద్ధం గురించి ఒకటి కాదు, పలు ఊళ్ళ వీరగల్లులు చెబుతాయి. ఏ కావ్యంలోనూ, ఏ పురాణంలోనూ ఆ యుద్ధం ఊసు లేదు. రాజుల ప్రశస్తులు పక్కన పెట్టి చూస్తే, అందులో పాల్గొన్న మామూలు బంట్లకు నాటిన రాళ్ళ వల్లే ఆ యుద్ధం జరిగిందని ఇవాళ మనకు తెలుసు. చిప్పిలి లాంటి ఊరు కర్ణాటక వాళ్ళకూ తమిళ దేశం వాళ్ళకూ నడుమ ఎలా నలిగిపోయిందో ఆ రాళ్ళు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు. ఆ రాళ్ళ మీది తెలుగు గ్రంథాల తెలుగు కాదు. వంకర అక్షరాలు, పక్కింటి కన్నడం కలిసిన మాటలు, చెప్పదలచుకున్నది సూటిగా చెప్పే వాక్యాలు. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు పల్లె మనిషి ఎలా మాట్లాడాడో వినాలంటే అక్కడికే వెళ్ళాలి.

పశువు తర్వాత చెరువు. పోరుమామిళ్ళ రాయి గురించి తీరిగ్గా చెప్పుకోవాలి.

విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు. ఉదయగిరి సీమను పాలిస్తూ పోరుమామిళ్ళ దగ్గర ఒక పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. చెరువు పేరు అనంతరాజసాగరం. భైరవాలయం ముందు నిలబెట్టిన రెండు పలకల మీద ఉన్న ఆ సంస్కృత శాసనాన్ని సుక్తంకర్ ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చు వేశాక దేశమంతటి ఇంజనీర్ల కళ్ళు దాని మీద పడ్డాయి. ఎందుకంటే అందులో దానఫలం ఎంత ఉందో, చెరువు కట్టే పనితనం అంత ఉంది. రోజూ 1000 మంది కూలీలు, రాళ్ళు తోలడానికి 100 బండ్లు, పని పూర్తి కావడానికి రెండేళ్ళు. కట్ట పొడవు 5000 రేఖాదండాలు, వెడల్పు 8, ఎత్తు 7. ఖర్చయిన ధనానికీ ధాన్యానికీ లెక్కే లేదంటాడు కవి.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని ఆ శాసనం చెబుతుంది. ధర్మబుద్ధి, సంపద, కీర్తి మీద ఆశ ఉన్న రాజు ముందు కావాలి. తర్వాత నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. గట్టి మన్నున్న నేల. మూడు యోజనాల నుంచి తియ్యటి నీరు తెచ్చే ఏరు. ఆ ఏటిని ఆనుకుని కొండ, కొండల నడుమ మరీ పొడుగు కాని రాతి కట్ట. లోతూ వెడల్పూ ఉన్న గర్భం. పొడుగాటి రాళ్ళు తీసే రాతిగని దగ్గర్లో ఉండాలి, చుట్టూ సాగుకు వచ్చే చేలుండాలి. చివరికి కట్టడం తెలిసిన పనివాళ్ళ జట్టు. ఇవాళ్టి ఇంజనీరు కూడా చెరువుకు చోటు చూసేటప్పుడు దాదాపు ఇవే చూస్తాడు.

తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు గర్భంలో మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇవి ఎవరైనా ఊహించగలిగినవే. మిగిలిన ఒక్కదాని దగ్గర మాత్రం చదివినవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదట. 650 ఏళ్ళ కిందటి ఆ రాయి నీటి పంపకం తగాదాను ముందే చూసినట్టు మాట్లాడింది. కృష్ణా, పెన్న నీళ్ళ మీద రాష్ట్రాల మధ్య, జిల్లాల మధ్య జరిగే ప్రతి వాదన ఆ దోషం కిందకే వస్తుంది.

పోరుమామిళ్ళ చెరువు ఇంకా ఉంది, ఇంకా పొలాలకు నీరిస్తోంది. అది రాజు కట్టించిన పెద్ద చెరువు. సీమ నిండా ఉన్న వేల చిన్న చెరువులు, కుంటలు మాత్రం ఊరి పెద్దలు, వర్తకులు, గుళ్ళు కట్టించినవి. చెరువు తవ్వి, తూము పెట్టి, ఏటేటా పూడిక తీసి, గండ్లు పూడ్చేవాడికి ఆయకట్టులో భూమి ఇవ్వడం ఆచారం. దాన్ని దశబంధం అన్నారు. ఆ దశబంధ ఇనాములు శాసనాల నుంచి నడిచి వచ్చి ఇంగ్లీషు వాళ్ళ రెవెన్యూ లెక్కల్లో కూడా చేరాయి. చెరువు ఉన్నచోట మనుషులు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు, చెరువు తెగినచోట ఊరు లేచిపోయింది. తూము దగ్గరి రాయి మీద దశబంధం షరతు చెక్కి ఉంటే అదే ఆ ఊరి పుట్టుక పత్రం.

ఇక్కడ ఒక లోటు చెప్పి తీరాలి. పోరుమామిళ్ళ శాసనంలో 1000 మంది కూలీల అంకె ఉంది, ఒక్కరి పేరూ లేదు. మట్టి తవ్వి తట్టలెత్తిన ఒడ్డెవాళ్ళ పేర్లు ఏ చెరువుకట్ట మీదా ఉండవు. ఊరి హద్దులు అంగుళం తేడా లేకుండా తెలిసిన మనిషి ఎవరంటే మాలపల్లెలోని వెట్టివాడే. పొలిమేర తగాదా వచ్చినప్పుడల్లా రెండు ఊళ్ళ పెద్దలూ అతని మాట మీద నిలబడేవారు. దానపత్రంలో చింతచెట్టు పేరుంది, పుట్ట పేరుంది, హద్దు నడిచి చూపినవాడి పేరు లేదు. ఈ రాళ్ళను ప్రేమించేవాళ్ళు ఈ లోటును కూడా మనసులో పెట్టుకుని చదవాలి.

రాళ్ళు చెప్పనివి కొన్ని కైఫియత్తులు, అంటే కాగితాల మీదికెక్కిన ఊళ్ళ కథలు, చెబుతాయి. స్కాట్లండు దీవుల్లో పుట్టిన కాలిన్ మెకంజీ ఈ దేశాన్ని కొలవడానికి వచ్చి, నేలతో పాటు ఊళ్ళ కథల్ని కూడా పోగు చేయించాడు. ఆయనకు కుడిభుజం కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజాన వేసుకున్నాడు. 1800లో నిజాము ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేసిన దత్తమండలాల్లో మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల ఇళ్ళలోని కవిలెకట్టలు విప్పించి, గుడి ముందరి శాసనాల నకళ్ళు రాయించి, ముసలివాళ్ళు చెప్పింది రాసుకున్నారు. వీరగల్లుల బొమ్మలు కూడా గీయించుకున్నారు. తర్వాత సి.పి. బ్రౌన్ ఆ కాగితాలకు నకళ్ళు తీయించాడు. కడపలో బ్రౌన్ పేరు మీద నిలిచిన గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేశాయి.

కైఫియత్తుల్లో ఊరి కథ ఇంచుమించు ఒకే తీరుగా మొదలవుతుంది. ముందు ఇదంతా అడవి. గొల్లలు మందలు మేపుకుంటూ వచ్చి గుడిసెలు వేసుకున్నారు. తర్వాత ఒక రాజో, పాలెగాడో, రెడ్డో అడవి కొట్టించి, గవిని నిలబెట్టి, ఆంజనేయుణ్ణి ప్రతిష్ఠించి, కరణాన్నీ కాపుల్నీ పిలిపించాడు. ముక్కంటి కాడువెట్టి అడవులు నరికించి అగ్రహారాలు ఇచ్చాడనీ, కాకతి ప్రతాపరుద్రుడు శ్రీశైలం దారిలో అడవి కొట్టించి ఊళ్ళు కట్టించాడనీ చాలా ఊళ్ళ కైఫియత్తులు చెబుతాయి. ముక్కంటి కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది తేల్చడం కష్టం. కానీ గొల్లల గుడిసెల మాట కల్పన అయ్యే అవకాశం తక్కువ. ఉట్నూరు బూడిద దిబ్బ అదే మాట చెబుతోంది కదా.

అదే కైఫియత్తుల్లో ఇంకో మాట పదే పదే వస్తుంది. ఫలానా దండు వచ్చి ఊరు పాడైంది, ఫలానా కరువులో కాపులు లేచిపోయారు, ఇన్నేళ్ళకు ఫలానావాడు కౌలు ఇచ్చి మళ్ళీ ఊరు నిలిపాడు. మొదటి కొన్నేళ్ళు పన్ను తక్కువ, తర్వాత ఏటేటా కాస్త పెంపు, అది కౌలు షరతు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు పెద్ద కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో కూడా పాలెగాళ్ళను అణచివేశాక చేసిన పని అదే. పొలం పొలం కొలిపించి, పారిపోయిన రైతుల్ని వెనక్కి రప్పించడం. ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు, ఈ నేలలో వందల ఏళ్ళుగా నడిచిన ఆనవాయితీ.

1876లో ధాత కరువు వచ్చింది. ఇప్పటికీ సీమలో పెద్దవాళ్ళ నోట ఆ పేరు వినిపిస్తుంది. వానలు సరిగ్గా పడలేదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. చచ్చినవాళ్ళు చావగా, మిగిలినవాళ్ళు వలసపోయారు. రెవెన్యూ రికార్డుల్లో బేచిరాక్ అని రాసి ఉన్న గ్రామాలు ఈ జిల్లాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. పేరుంది, సర్వే నంబర్లున్నాయి, పొలాలున్నాయి, ఇల్లు లేదు. అలాంటి చోటికి వెళ్తే ముళ్ళకంపల్లో ఒక పాడుబడ్డ గుడి, ఆంజనేయుడి విగ్రహం, ఒక వీరగల్లు కనిపిస్తాయి. ఊరి తాలూకు మనుషులెవరూ లేని చోట ఊరి తరఫున మాట్లాడేవి ఆ మూడే.

ఈ రాళ్ళకు ఇప్పుడు ఎదురవుతున్న ముప్పు వెయ్యేళ్ళ ఎండావానల వల్ల వచ్చింది కాదు. గుప్తనిధుల ఆశతో రాళ్ళు పెకలించి కింద తవ్వేవాళ్ళున్నారు. శాసనం ఉన్న పలకను తెలియక మెట్టుగా వేసుకున్న ఇళ్ళున్నాయి. భక్తితోనే సున్నం కొట్టి, నూనె రంగు పూసి అక్షరాలు మూసేసిన ఊళ్ళున్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం రోడ్డు వెడల్పు చేసే యంత్రం చేస్తోంది. దారి పక్కన నాటడమే ఈ రాళ్ళ లక్షణం, నలుగురూ నడిచే చోట నలుగురి కళ్ళ పడాలని. రెండు వరసల దారి నాలుగు వరసలైనప్పుడు మొదట పోయేది అందుకే అవి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం రక్షిత స్థలాలను కాపాడుతుంది, 2010 సవరణ వాటి చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతాన్ని గట్టిగా నిలబెట్టింది. రక్షిత జాబితాలోకి ఎక్కని రాయికి ఆ చట్టం నీడ లేదు. సీమలోని వీరగల్లుల్లో అత్యధికం ఏ జాబితాలోనూ లేవు.

శాసనానికి అచ్చు తీయడం చూసినవాళ్ళకు ఆ పని ఎంత నెమ్మదో, ఎంత తేలికో రెండూ తెలుస్తాయి. రాతిని నీళ్ళతో కడిగి, బ్రష్షుతో అక్షరాల్లోని మట్టి తీస్తారు. తడిపిన కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో కొట్టి గాడుల్లోకి దిగేలా చేస్తారు. దాని మీద సిరా అద్దుతారు. గాడిలోకి దిగిన అక్షరం తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడుతుంది. ఆరాక ఒలిచి చూస్తే, రాతి మీద కంటికి ఆనని రాత కాగితం మీద చదవడానికి వీలుగా లేచి వస్తుంది. ఒక పూట పని. మద్రాసు శాసన శాఖ వాళ్ళు 1880ల నుంచి ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగి ఇలాగే వేల శాసనాలు సేకరించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితులు కడప జిల్లా శాసనాలను సంపుటాలుగా అచ్చు వేశారు. వాళ్ళు తీసిన కాగితాల మీద బతికి ఉండి, రాతి మీద లేకుండా పోయిన శాసనాలు కూడా ఉన్నాయి.

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు రేనాటి శాసనాల పేర్లు ప్రతి సభలోనూ మోగాయి. 2025లో పాలమూరు వైపు ముడుమాల నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళాయి. అక్కడి జనం ఎన్నో తరాలుగా ఆ రాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప అని కొలుస్తూ కాపాడుకోవడం దానికి తోడ్పడింది. రేనాటి రాళ్ళకు కావలసింది అంత పెద్ద గుర్తింపు కూడా కాదు. రాయి పక్కన తెలుగులో ఒక పలక చాలు. ఏ శతాబ్దానిది, ఎవరు వేయించారు, ఏం రాసి ఉంది, ఊరికి దానితో ఏం సంబంధం. బడిపిల్లలు చదవగలిగే నాలుగు వాక్యాలు. పంచాయతీ తీర్మానం చేస్తే అయ్యే పని ఇది.

మీ ఊరి పొలిమేరలో, చెరువు తూము దగ్గర, గుడి వెనక అలాంటి రాయి ఉంటే రంగు పూయకండి, జరపకండి. పక్క వెలుతురు పడే పొద్దుటి పూట ఫొటో తీయండి, అక్షరాలు బాగా కనిపిస్తాయి. ఊరి పేరు, మండలం, రాయి ఉన్న చోటు రాసి రాష్ట్ర పురావస్తు శాఖకో, మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికో పంపండి. రోడ్డు పని మీ ఊరికి రాకముందే పంపండి.